గ్రీజు అంటిన చేతిలో చదువు లేదా?

మన హాస్టల్ వార్షికోత్సవం జరిగినప్పుడల్లా ఇంజనీర్లను, టీచర్లను, గ్రూప్స్ ఉద్యోగాలు సాధించినవారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. ఎంతో సంతోషించదగ్గ విషయం. కానీ ఇదే హాస్టల్లో చదివి, ఐటిఐ చేసి, మోటారు మెకానిక్‌గా బతుకుతున్నవారి పేరు ఎక్కడా వినిపించదు. "చదువు అబ్బక షెడ్డులో చేరాడు" అనే మాట మాత్రం వినిపిస్తుంది. ఆ మాట తప్పని నా అభిప్రాయం. షెడ్డులో చిన్న పనిగా లెక్కగట్టే ఒక్క పనిని ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

కారు ఇంజను అడుగున ఆయిల్ నిలవ ఉండే తొట్టి ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని ఆయిల్ పాన్ అంటారు, షెడ్డులో చాంబర్ అంటారు. దానికీ ఇంజను బ్లాకుకూ మధ్య ఆయిల్ కారకుండా ఆపే పలుచని పొరే గ్యాస్కెట్, అంటే ప్యాకింగ్. కొన్ని ఇంజన్లలో అది రబ్బరుది, కొన్నింటిలో కార్కుది. మరికొన్నింటిలో ప్యాకింగ్ బదులు సీలెంట్ పేస్టే వాడతారు. ఇంజను వేడెక్కి చల్లారుతూ ఏళ్లు గడిచేసరికి ప్యాకింగ్ గట్టిపడి పగులుతుంది, చుక్క చుక్కగా ఆయిల్ రాలుతుంది. పట్టించుకోకపోతే ఆయిల్ తగ్గిపోయి, బేరింగులు దెబ్బతిని, చివరికి ఇంజనే పట్టేస్తుంది.

"ప్యాకింగ్ మార్చడమే కదా" అనుకోవచ్చు. కానీ ముందు లీకు ఎక్కడిదో తేల్చాలి. పైన ట్యాపెట్ కవర్ దగ్గర కారినా, క్రాంక్ వెనక సీల్ దగ్గర కారినా ఆయిల్ చాంబర్ మీదికే జారుతుంది. అందుకే అంతా తుడిచి, ఇంజను నడిపి చూడాలి. బ్రీదర్ గొట్టం మూసుకుపోతే లోపల పీడనం పెరిగి, కొత్త ప్యాకింగ్ వేసినా ఆయిల్ బయటికి తన్నుతుంది. కారు కింద దూరేముందు జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టాలి. ఆయిల్ దించి చాంబర్ విప్పాక పాత ప్యాకింగ్ ముక్క మిగలకుండా, గీత పడకుండా రెండు అంచులూ శుభ్రం చేయాలి. చాంబర్ అంచు వంకర పోయిందేమో సమతలం మీద పెట్టి చూడాలి. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. చాలా చిన్న కార్లలో ఆ బిగింపు 10 న్యూటన్ మీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ కారు మాన్యువల్లో చూసుకోవాలి. గట్టిగా ఉంటుందని ఇంకా బిగిస్తే ప్యాకింగ్ నలిగిపోతుంది, రేకు వంగుతుంది, లీకు మొదటికన్నా పెరుగుతుంది. కొత్త ఆయిల్ పోసి, ఇంజను నడిపి, మర్నాడు మళ్లీ చూస్తేగాని పని పూర్తయినట్లు కాదు.

వ్యాకోచం, పీడనం, టార్క్ అనేవి మనం పరీక్షల కోసం బట్టీ పట్టిన మాటలే. మెకానిక్ వాటిని చేత్తో చేసి చూపిస్తాడు. కారణం వెతకడం, కొలవడం, చేసినదాన్ని మళ్లీ పరీక్షించడం చదువు కాకపోతే మరేది చదువు?

చేతిపని మీద ఈ చిన్నచూపు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? కులం పనిచేసేవారినే ఎక్కువ తక్కువ మెట్లుగా విడదీసిందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే వివరించారు. ఆ మెట్ల కింద నలిగిన ఇళ్ల నుంచి వచ్చిన మనమే, తోటి విద్యార్థి చేతికి అంటిన మసి చూసి మొహం తిప్పుకోవడం న్యాయమేనా?

అలాగని "హాస్టల్ పిల్లలకు ఐటిఐ చాలు" అనే మాటను కూడా నేను ఒప్పుకోను. అది మన ముందున్న తలుపులు మూసే మాట. ఇంజనీరు కావాలనుకున్నవారు ఇంజనీరే కావాలి. మెకానిక్ పని మాత్రం మార్కులు తగ్గినందుకు వేసే శిక్ష కాకూడదు. ఇష్టపడి ఎంచుకునే దారి కావాలి.

అందుకు నావి రెండు విన్నపాలు. పదో తరగతి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఐటిఐలో ఉన్న రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు గురించి, ఆ తర్వాత ఉండే అప్రెంటిస్‌షిప్, పాలిటెక్నిక్ దారుల గురించి పరీక్షలకు ముందే వివరంగా చెప్పాలి. వచ్చే వార్షికోత్సవంలో మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు అయిన పూర్వ విద్యార్థులను కూడా వేదిక మీదికి పిలవాలి. శాలువా లేకపోయినా ఫర్వాలేదు. తమ పని గురించి పిల్లలతో పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తే చాలు.