గోలుకీపరు వృత్తియు మన బాలికలును

భారత స్త్రీల ఫుట్‌బాలు జట్టునకు చిరకాలము గోలుకీపరుగ నుండిన అదితి చౌహాను 2025 జూలై మాసమున ఆటనుండి విరమించుచున్నట్లు ప్రకటించెను. పదునేడు సంవత్సరముల క్రీడాజీవితము. దేశము పక్షమున 57 పోటీలు. క్రికెటు ఆటగాడు విరమించినచో వారముల తరబడి చర్చించు మనవారిలో ఈ వార్తను గమనించినవారు స్వల్పము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి దీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. పని గలదు. ఆడుపిల్ల ఆటను జీవనోపాధిగా స్వీకరింపవచ్చునా, స్వీకరించినచో ఆ బ్రతుకెట్టిది యను ప్రశ్న నేడు మన జిల్లాల గృహములలోనికి వచ్చియున్నది.

అదితి చెన్నపట్టణమున జన్మించి ఢిల్లీలో పెరిగెను. ఇంగ్లండునందలి లఫ్‌బరో విశ్వవిద్యాలయమున క్రీడానిర్వహణశాస్త్రము నభ్యసించి, 2015లో లండనులోని వెస్ట్‌హాం స్త్రీల జట్టున చేరెను. ఇంగ్లండు లీగునందాడిన భారతీయ స్త్రీలలో ఈమెయే ప్రథమురాలు. తొలి పోటీలోనే ప్రతిపక్షమువారు ఐదు గోళ్లు చేసిరి. మరియొకరైనచో ఆ దినముననే తిరుగు ప్రయాణమునకు మూట కట్టుకొనియుందురు. ఆమె 2018 వరకును అచ్చటనే నిలిచి, స్వదేశమునకు వచ్చిన పిమ్మట గోకులం కేరళ జట్టున 2019-20లోను, 2021-22లోను జాతీయ లీగు విజేతలలో నొకతెయయ్యెను. మోకాటి గాయములచే ఆటకు దూరమైన కాలమును గలదు.

గోలుకీపరు పని తక్కిన పదిమంది పనివంటిది కాదు. ఇరువదినాలుగడుగుల వెడల్పును, ఎనిమిదడుగుల ఎత్తును గల ద్వారమున కామె యొక్కతెయే కావలి. ముందువరుస ఆటకత్తె పదిమార్లు గురి తప్పి పదునొకండవమారు గోలు చేసినచో జయజయధ్వానము లందుకొనును. గోలుకీపరు పదిమార్లు కాపాడి యొక్కమారు జారవిడిచినచో ఆ యొక్కటియే జనులకు జ్ఞాపకముండును. ఇంతకంటె కఠినమైన విషయము వేరొకటి గలదు. జట్టున గోలుకీపరుకు చోటొక్కటియే. ఇతరులు ఒక స్థానము దొరకనిచో మరియొక స్థానమున ఆడవచ్చును. పోటీ మధ్యమున ప్రవేశింపవచ్చును. రెండవ గోలుకీపరు మాత్రము మొదటియామె గాయపడినగాని మైదానమున అడుగుపెట్టుట అరుదు. సంవత్సరములకొలది సాధన చేయుచు బెంచీపై కూర్చుండుటయే యామె యుద్యోగము. కావున ఈ వృత్తిని లెక్కించువారు విజేతల చిత్రపటములను గాక, ఆ బెంచీపై నున్న పిల్ల జీతమును చూడవలయును.

ఆ జీతమెట్లున్నది? మన దేశమున స్త్రీల జాతీయ లీగు 2016-17లో గాని యారంభము కాలేదు. లీగునందలి ప్రతి జట్టును కనీసము పదిమంది భారతీయ క్రీడాకారిణులకు సాలుకు 3.2 లక్షల రూపాయలకు తక్కువ గాకుండ నొడంబడికలు వ్రాయవలయునని అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య 2023లో నిర్ణయించెను. ఇది నెలకు ఇరువదియారువేల పైచిల్లర. మంచిదే. కాని పదునొకండుగురితో నాడు ఆటకు పదిమందికి హామీ యనిన, ఆ పదుగురిలో రెండవ గోలుకీపరుండునని యెవరు చెప్పగలరు? పై లీగు దిగిన తరువాత ఆ హామీయు లేదు.

పాలకుల కలహమును క్రీడాకారిణులే యనుభవింపవలసి వచ్చుటకు 2022 ఆగస్టు సాక్ష్యము. సమాఖ్యలో తృతీయపక్ష జోక్యము గలదని ప్రపంచ సంస్థ ఫీఫా భారతదేశమును బహిష్కరించినపుడు, ఆసియా పోటీలకై ఉజ్బెకిస్తాను చేరియున్న గోకులం యువతులు ఒక్క పోటీయు నాడకయే మరలిరి. పది దినములలో బహిష్కారము తొలగెను. వారి పోటీలు మాత్రము తిరిగి రాలేదు.

ఇక మన ప్రాంతము సంగతి. జగిత్యాలకు పొరుగున నున్న నిజామాబాదు జిల్లా బాలిక గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబు జట్టునకు ఎన్నికై, పిదప ఈస్టు బెంగాలు పక్షమున ఆడి, 2024-25 సంవత్సరమునకు దేశమునందలి ఉత్తమ క్రీడాకారిణిగ సమాఖ్య బహుమానము నందెను. అదే సంవత్సరము ఉత్తమ గోలుకీపరు బహుమానము మణిపురపు పాంథోయి చానుకు లభించెను. 2025 జూలై 5న థాయిలాండును దాని గడ్డపైననే 2-1గా ఓడించి మనవారు ఆసియా కప్పునకు అర్హత గడించినపుడు గోలు కాచినదియు ఈ పాంథోయియే. సౌమ్య గోలుకీపరు కాదు, ముందువరుస ఆటకత్తె. తెలుగునాట గోలుకీపరులు పుట్టరా? 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన జట్టునందలి పీటరు తంగరాజు హైదరాబాదున జన్మించినవాడే.

సిరిసిల్లలో మగ్గముల చప్పుడు నడుమను, కోరుట్లలో బీడీల చేట ముందరను పెరుగు బాలికల చేతులకు చురుకుదనము లోపము లేదు. లోపించినది పదవ తరగతి దాటిన పిమ్మట వారి కొక సాయంకాలము. ఆ వయస్సున మగపిల్లవాడు మైదానమునకు పోవును; ఆడుపిల్ల చేటయొద్ద కూర్చుండును, లేదా పెండ్లిచూపులకు సిద్ధమగును. గోలుకీపరు విద్య పుస్తకమున రాదు. నేలపై పడుటయు లేచుటయు ఏండ్లతరబడి అభ్యసింపవలయును. గట్టినేలపై ఇట్లు పడినచో తుంటియు మోచేయియు చెడును. పచ్చిక పరచిన చదరమొకటి, వలతో గూడిన స్తంభములు, చేతి తొడుగులు, పడుట నేర్పగల శిక్షకురాలు: ఇవి గొప్ప వ్యయములు కావు. జాతరలలో కుస్తీపోటీలకు వెండి కడియములిచ్చు భూస్వాములు మనలో గలరు. మోకాటి శస్త్రచికిత్సకు భీమా మాత్రము గ్రామమువారు చేయదగినది కాదు. అది ప్రభుత్వమును, సమాఖ్యయు వహింపవలసిన భారము. రాబోవు ఒడంబడికలలో రెండవ గోలుకీపరు పేరును, ఆమె మోకాటి భీమాను చేర్చిరా లేదా యని మన శాసనసభ్యులు సమాఖ్యను లిఖితపూర్వకముగ నడుగవలయును.