ఛాసిస్ ఇక్కడిది, బాడీ ఎక్కడిది?

కద్మాలో ఉండే పిల్లలకు ఛాసిస్ అంటే ఏమిటో మేము వేరుగా చెప్పనక్కరలేదు. టాటా మోటార్స్ ఫ్యాక్టరీ నుంచి క్యాబిన్, తొట్టి లేని లారీలు వరసగా వెళ్లడం మీరు చూసే ఉంటారు. తలకు గుడ్డ చుట్టుకున్న డ్రైవరు ఎండలో అలాగే కూర్చుని నడుపుతుంటాడు. వాటిలో ఒకటి విజయవాడ ఆటోనగర్ చేరిందంటే అక్కడ చెక్కతో, రేకుతో బాడీ కట్టి రంగులు వేస్తారు. ఇక అందరూ దాన్ని విజయవాడ లారీ అంటారు. అనుకోనివ్వండి, పుట్టింది మాత్రం మన ఊళ్లోనే.

ఒకప్పటి ఇంగ్లండు కార్ల సంగతీ ఇంతే. రోల్స్ రాయిస్, బెంట్లీ కంపెనీలు ఛాసిస్, ఇంజిను చేసి ఇచ్చేవి. బాడీ కట్టే పని వేరే వాళ్లది. వాళ్లలో చాలామంది అంతకుముందు గుర్రబ్బగ్గీలు చేసినవాళ్లు. సెలవుల్లో హైదరాబాద్ వెళితే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూడండి. 1912 నాటిది. దాని బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ.

అందుకే ఇలాంటి పాత కారును ఆకారం చూసి గుర్తుపట్టామంటే మేము నమ్మము. దీనికి బెంట్లీ కథే సాక్ష్యం. 1930 మార్చిలో ఆ కంపెనీ అధిపతి వూల్ఫ్ బార్నాటో 100 పౌన్లు పందెం కాశాడు. ఫ్రాన్సులోని కాన్ నుంచి బయలుదేరి, బ్లూ ట్రెయిన్ కలే చేరేలోగా తాను లండన్‌లోని తన క్లబ్బులో ఉంటానన్నాడు. స్పీడ్ సిక్స్ బెంట్లీలో రాత్రంతా ప్రయాణించి నాలుగు నిమిషాల తేడాతో గెలిచాడు. తర్వాత చాలా ఏళ్లు, గర్నీ నటింగ్ వాళ్లు బాడీ కట్టిన ఒక అందమైన కారునే పందెం కారని అందరూ చెప్పుకున్నారు. కప్పు కిందికి వాలి, దూకబోతున్నట్టుంటుంది. టెరెన్స్ కునియో అనే చిత్రకారుడు రైలు పక్కన దాన్నే గీశాడు. తీరా చూస్తే అది బార్నాటో చేతికి వచ్చింది మే నెలలో! పందెం నాడు ఆయన నడిపింది మల్లినర్ వాళ్లు బాడీ కట్టిన మామూలు సెలూన్. కథకు తగ్గ రూపం దొరికేసరికి తేదీ చూడాలని ఎవరికీ తోచలేదు.

చూడవలసింది ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, బాడీ కట్టినవారి రేకు, కంపెనీ రికార్డులోని తేదీ. ఇవి ఒకదానితో ఒకటి కలవకపోతే కారు దొంగదని కాదు, మధ్యలో ఏదో జరిగిందని అర్థం. అదేమిటో తెలుసుకోవడమే అసలు పని.

మాకు నచ్చనిది ఇంకొకటుంది. నిక్షేపంలా ఉన్న పాత బెంట్లీ సెలూన్ల బాడీలు ఊడదీసి, రేసు కార్లలా కనిపించేలా టాపు లేని కొత్త బాడీలు ఎన్నిటికో కట్టించారు. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఆ కారు అంతవరకు బతికిన బతుకు పాత బాడీతోపాటే పోతుంది.

బదిలీల మీద తిరిగే మన ఇళ్లలోనూ ఇది జరుగుతోంది. సెలవులకు ఊరెళితే, "మతలబ్" అంటూ మాట మొదలుపెట్టే మీ తెలుగు విని బంధువులు నవ్వుతారు. తర్వాతి ఏడాది మీరు సినిమా తెలుగు బిగించుకుని వెళతారు, లేదా అసలు నోరే విప్పరు. పాఠం చెప్పే మా మాటల్లోనూ పనిచేసిన ఊళ్లన్నీ వినిపిస్తాయి. వాటిని దిద్దుకోవాలని మాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఈసారి బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇళ్లలో సామాను కట్టేటప్పుడు పాత రిపోర్టు కార్డులు, చిన్న తరగతుల తెలుగు నోటుబుక్కులు చిత్తుకాగితాలవాడికి వెయ్యనివ్వకండి. మా తరగతిలో నోటుబుక్కు చివరి పేజీ ఖాళీగా ఉంచమన్నాము. అక్కడ పాఠం రాయము. ఏ మాట ఏ ఊళ్లో, ఎవరి నోట విని నేర్చుకున్నారో తేదీ వేసి రాసుకుంటారు.