బోర్డింగు మూసేసిన లూథరన్ హైస్కూలు ఎవరిది?

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే నా వాట్సాప్ నిండా స్కూళ్ల కరపత్రాలే. ఈసారి వాటిలో ఒక లూథరన్ హైస్కూలుది కూడా వచ్చింది. ఊరు పేరు చెప్పను. చెప్పక్కర్లేదు కూడా, చాలా చోట్ల ఇదే తీరు. డిజిటల్ తరగతులు, కంప్యూటర్ ల్యాబు, ఇంగ్లీషు మీడియం, ఐఐటీ ఫౌండేషను, స్కూలు బస్సు, విశాలమైన ఆటస్థలం. బోర్డింగు మాట మాత్రం ఎక్కడా లేదు.

కోస్తా జిల్లాల్లో మన ఇళ్లలో పెద్దవాళ్లని ఎక్కడ చదివారని అడిగి చూడండి. ఫలానా స్కూల్లో అనరు. "బోర్డింగులో చదివా" అంటారు. బడి పక్కనున్న హాస్టలే వాళ్లకి అసలు బడి. ఎందుకంటే పల్లె పిల్లాడికి పాఠం దొరక్కపోవడం ఒక్కటే కాదు కష్టం. పొద్దున్న పశువుల దగ్గరికి పొమ్మనే ఆసామి ఉన్నాడు. రాత్రి దీపానికి కిరసనాయిలు లేదు. ఊరి బళ్లో కూర్చోనిచ్చినా దూరంగా, గుమ్మం దగ్గర. బోర్డింగు ఆ పిల్లాణ్ని ఆసామి చేతికందకుండా చేసింది. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, గంట కొడితే చదవాలి. ఆ గంటలో మిషన్ పెత్తనం ఉంది, నిజమే. కానీ ఆసామి కేక కంటే ఆ గంట నయం.

మిషన్‌ని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. పట్నంలో మిషన్ చెప్పిన ఇంగ్లీషు చదువుకి ముందు ఎగబడింది సర్కారు కొలువుల మీద కన్నేసిన అగ్రకులాల పిల్లలే. మాల మాదిగ పల్లెలు కదిలి వచ్చింది తర్వాత. వచ్చాక కూడా లూథరన్లంటే ఎక్కువగా మాలలు, ఒంగోలు బాప్టిస్టులంటే ఎక్కువగా మాదిగలు అన్నట్టు సంఘాలు చీలిపోయాయి. పల్లెలో ఉన్న గీత చర్చి గేటు దగ్గర చెరిగిపోలేదు. దాన్ని ఇంకో భాగంలో మాట్లాడుకుందాం, దాటేయను.

అయినా ఈ లెక్క చూడండి. గుర్రం జాషువా గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్లు పనిచేశారు, 1928 దాకా. అంతకుముందు మిషన్ బడి ఉద్యోగం పోతే రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి బతికారు. మా సాహిత్యం పాఠాల్లో ఆయనకి జరిగిన సన్మానాల గురించి పేజీలు ఉంటాయి. ఆ పదేళ్లు మాత్రం ఒక్క వాక్యంలో పోతాయి. 'గబ్బిలం' 1941లో వచ్చింది. అది రాయడానికి ముందు ఆ మనిషి బతకాలి కదా! నెలనెలా జీతం వచ్చే చోటు ఒకటి ఉండాలి కదా! ఒక సంస్థ సదుపాయాల పట్టికలో నేను ముందు రాసేది ఇలాంటిదే. ఆటస్థలం తర్వాత.

ఇప్పుడు విషయానికొస్తా. ఈ స్కూళ్లకి రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీ హోదా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం మామూలు ప్రైవేటు స్కూలు ఒకటో తరగతి నుంచి 25 శాతం సీట్లు పేద, వెనకబడిన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం మైనారిటీ సంస్థలకి, ఎయిడెడ్ అయినా కాకపోయినా, వర్తించదని చెప్పింది.

ఇంకోవైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. హిందువు కానివాడు ఎస్సీ కాడని చెప్పింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలుపుకున్నారు. క్రైస్తవ దళితుడు మాత్రం బయటే. మన దగ్గర అతనికి బీసీ-సీ అని ఒక్క శాతం.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. సర్టిఫికెట్ దగ్గరికి పోతే "నువ్వు క్రైస్తవుడివి, ఎస్సీవి కాదు" అంటారు. అదే పిల్లాడు క్రైస్తవ స్కూలు గేటు దగ్గరికి పోతే "మాది క్రైస్తవ సంస్థ, నీకు ఉచితంగా సీటివ్వాలన్న రూలు మాకు లేదు" అనొచ్చు. ఒకే మతం పేరుతో రెండు తలుపులూ మూసుకుంటున్నాయి. మైనారిటీ హక్కు మైనారిటీది. తెలుగునాట లూథరన్ మైనారిటీ అంటే ఎవరు? చర్చి బెంచీల మీద కూర్చున్నవాళ్లలో నూటికి ఎంతమంది పల్లెవాళ్లో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ హక్కు కమిటీ బల్ల మీదే ఆగిపోతే అది యాజమాన్యం హక్కు, సంఘం హక్కు కాదు.

ఇన్నాళ్లూ ఈ స్కూళ్లని పేదవాళ్లకి అందుబాటులో ఉంచింది ఎయిడెడ్ పోస్టులు. జీతం సర్కారుది కాబట్టి ఫీజుతో పని లేదు. టీచర్లు రిటైరయ్యారు, వాళ్ల చోట కొత్తవాళ్లు రాలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తమకి అప్పగించమంది. విద్యార్థులు రోడ్డెక్కారు, అనంతపురంలో లాఠీ దెబ్బలు తిన్నారు, ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది. కానీ టీచర్లు లేని తరగతి గదిని ఖాళీగా ఎవరూ ఉంచరు. ఫీజు కట్టే ఇంగ్లీషు మీడియం వచ్చి కూర్చుంటుంది. బోర్డింగు భవనం కూలకముందే రోడ్డువైపు ప్రహరీకి షట్టర్లు వస్తాయి.

"గురుకులాలున్నాయి కదన్నా" అని తమ్ముళ్లు అంటున్నారు. ఉన్నాయి, గొప్ప పని చేస్తున్నాయి. గురుకులం ఉందని మన తాతల పేరు చెప్పి వచ్చిన స్థలాన్ని వదులుకుంటామా? ఇంగ్లీషు మీడియం మీద కూడా నాకు గొడవ లేదు. తెలుగు చెప్పి బతికేవాణ్నే, అయినా మన పిల్లలకి ఇంగ్లీషు కావాలనే అంటాను. గొడవల్లా ఆ బస్సు ఏ వీధిలో ఆగుతుందన్నదే.

కాబట్టి మీ ఊళ్లో లూథరన్ హైస్కూలు ఉంటే ఈ వారం వెళ్లండి, చర్చి సభ్యులైన తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని. బోర్డింగు ఏ సంవత్సరం మూశారో, ఎందుకు మూశారో అడగండి. ఎన్ని ఎయిడెడ్ పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ, అప్పగించాలని ఎవరైనా తీర్మానం చేశారా, దాని కాపీ అడగండి. ప్రభుత్వ జీతం ఉన్నచోట డీఈవో ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. చట్టం వర్తించకపోయినా పాతిక శాతం ఉచిత సీట్లు తమంతట తాముగా ఇవ్వడానికి అడ్డేమీ లేదు, ఆ మాట రాతపూర్వకంగా అడగండి. షట్టర్ల అద్దె ఏ ఖాతాలో పడుతోందో అడిగేటప్పుడు మాత్రం ఒంటరిగా వెళ్లకండి.

ఏం జవాబొచ్చిందో కింద రాయండి. వచ్చే భాగం వాటి మీదే.

జై భీమ్.