"ఇదా జలపాతం?" అనే మహానుభావులకి

ఇంగ్లండులో ఉండే మన ఐటీ జనాలకి వారాంతం వచ్చిందంటే రెండే కార్యక్రమాలు. ఒకటి ఎవరో ఒకరింట్లో బిర్యానీ, రెండోది కార్లేసుకుని ఎక్కడికో ఒక చోటికి పోవడం. బిర్యానీ మీద నాకే ఫిర్యాదూ లేదు. నా గొడవంతా రెండోదాని మీదే. అందులోనూ నీళ్ళున్న చోటికి పోయినప్పుడు మనవాళ్ళు చేసే వ్యాఖ్యానాల మీద.

వీళ్ళలో రెండు పార్టీలున్నాయి. మొదటిది కొలతల పార్టీ. "ఇదా జలపాతం? దీనికోసం నాలుగ్గంటలు డ్రైవింగా? మా తలకోన ముందు ఇదెంత!" రెండోది భజన పార్టీ. "చూశావా, ఎంత నీటుగా పెట్టుకున్నారో! మనవాళ్ళూ ఉన్నారు, ఎందుకూ..." అని నిట్టూరుస్తారు. ఒకే కార్లో రెండు పార్టీలూ ఉంటాయి, ఒక్కోసారి ఒకే మనిషిలో కూడా. నా లెక్కలో రెండూ తప్పే. కాకపోతే మొదటి తప్పుకి ప్రాణాలు పోతాయి కాబట్టి ముందు దాని సంగతి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఎత్తులో ఇంగ్లండు జలపాతాలు పొట్టివే. మన తలకోన 270 అడుగులు. యార్క్‌షైర్ డేల్స్‌లో హార్డ్రా ఫోర్స్ అని ఉంది. మధ్యలో ఎక్కడా రాతికి తగలకుండా ఒకే దూకులో పడేవాటిలో ఇంగ్లండులో అదే పెద్దది, 100 అడుగులు. (నేల పైన కనబడేవాటిలో అన్నమాట. అదే డేల్స్‌లో గేపింగ్ గిల్ అనే గుహలోకి ఒక వాగు దాదాపు 100 మీటర్లు దూకుతుంది. దాన్ని చూడాలంటే భూమిలోకి దిగాలి.) డర్హమ్ కౌంటీలో టీస్ నది మీద ఉన్న హై ఫోర్స్ 70 అడుగులు, అంటే అచ్చంగా మన ఎత్తిపోతలంత. ఎత్తిపోతల దగ్గర నోరు తెరిచినవాడే హై ఫోర్స్ దగ్గర పెదవి విరుస్తాడు. కారణం ఎత్తు కాదులెండి, టిక్కెట్టు పౌండ్లలో ఉండటం. అవతలి గట్టు మీద పెన్నైన్ వే అనే కాలిబాట ఉంది, అటునుంచి చూస్తే పైసా అక్కర్లేదు. కాస్త నడవాలి, అంతే.

ఈ "ఫోర్స్" మనం ఫిజిక్సులో చదువుకున్న ఫోర్స్ కాదు. వైకింగులు వదిలిపెట్టిపోయిన "ఫోస్" అనే మాట, అంటే జలపాతం అనే. ఇక ఆ హై ఫోర్స్ రాయి సంగతి చూడండి. దాదాపు 29 కోట్ల ఏళ్ళ క్రితం కరిగిన రాయి భూమి పొరల మధ్యకి చొచ్చుకొచ్చి గట్టిపడింది. విన్ సిల్ అంటారు. పైన ఆ గట్టి పలక, కింద మెత్తటి రాళ్ళు. నీళ్ళు కింది రాతిని తొలుస్తుంటే పైపలక విరిగి పడుతుంది, జలపాతం అంగుళం అంగుళం వెనక్కి జరుగుతుంది. మీరు నడిచొచ్చే లోయంతా అది వెనక్కి జరిగిన దారే. దీన్ని అడుగుల్లో కొలిచి "యావరేజ్" అని తేల్చేసేవాణ్ణి ఏమనాలి?

సరే, కొలుచుకుంటే కొలుచుకోనీ, నాకేం పోయింది అనుకునేవాణ్ణే. కానీ ఈ కొలతల జబ్బు వియర్ దగ్గరికొచ్చేసరికి ప్రమాదమవుతుంది. వియర్ అంటే కొత్త వస్తువేం కాదు. చెరువుకి అలుగు ఉంటుంది చూడండి, తెలంగాణలో మత్తడి అంటారు, దాదాపు అదే, కాకపోతే నదికి అడ్డంగా ఉంటుంది. మరల కోసం, పడవల కోసం, చేపల కోసం ఇంగ్లండులో నదులన్నిటికీ వందల ఏళ్ళుగా కట్టుకుంటూ పోయారు. చేపలు పట్టే అడ్డుకట్టలు ఎంత తలనొప్పయ్యాయంటే, 1215 నాటి మాగ్నా కార్టాలో వాటిని థేమ్స్ నుంచీ మిగతా నదుల నుంచీ తీసేయాలని ఏకంగా ఒక క్లాజు రాసుకున్నారు.

మూడడుగులో నాలుగడుగులో ఎత్తుంటుంది. తెల్లగా, అందంగా, నున్నటి పరదాలా పడుతుంటుంది. ఇలాంటి ఒక వియర్ అంచు మీద పిల్లాణ్ణి భుజాలకెక్కించుకుని ఫొటోకి నించున్న మనవాణ్ణి చూశాను. పక్కవాడు వద్దంటే అతను చెప్పిన జవాబు: "మోకాలు లోతు లేదు, దీనికి భయమేంట్రా!"

భయం ఎందుకో చెప్తాను. అంచు మీంచి పడ్డ నీళ్ళు నేరుగా అడుక్కి పోతాయి, కొంత దూరం పోయి పైకి లేస్తాయి, లేచినదాంట్లో కొంత మళ్ళీ వెనక్కి, కట్ట వైపుకే వస్తుంది. పైపైన చూస్తే నీళ్ళు ముందుకే పోతున్నట్టుంటాయి గానీ కట్ట కింద అవి గుండ్రంగా తిరుగుతుంటాయి. ఒక దుంగ అందులో పడితే గంటల తరబడి అక్కడే దొర్లుతుంది. మనిషి పడినా అంతే. బయటికొచ్చే కండిషన్ లేకుండా రాసిన లూపు. పైగా ఆ నురగలో సగం గాలే కాబట్టి మనిషిని సరిగ్గా తేలనివ్వదు. సహజమైన జలపాతంలో రాళ్ళు అడ్డదిడ్డంగా ఉంటాయి, ఎక్కడో ఒక చోట నీళ్ళకి బయటపడే దారి ఉంటుంది. మనిషి కట్టిన వియర్ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే తీరుగా ఉంటుంది, అటూ ఇటూ గోడలు. దారి ఉండదు. అంటే పొట్టిది, నున్నటిది, చక్కగా కట్టినదే ఎక్కువ ప్రమాదం. కొలతల పార్టీ లెక్క సరిగ్గా తలకిందులన్నమాట.

వార్ఫ్ నది మీద బోల్టన్ యాబీ దగ్గర "స్ట్రిడ్" అని ఒక చోటుంది. అక్కడ జలపాతం కూడా లేదు. వెడల్పుగా పారే నది ఒక రాతి సందులోకి దూరి, ఒక్క అంగలో దాటెయ్యొచ్చు అనిపించేంత సన్నమైపోతుంది. అంత నదీ ఎక్కడికి పోయింది? లోతుకీ, రాళ్ళ కిందికీ. గట్టున రాళ్ళ మీద నాచు. ఆ అంగ వెయ్యబోయి పోయినవాళ్ళ కథలు శతాబ్దాలుగా ఉన్నాయి.

"మేం గోదావరి ఈదినోళ్ళమండీ" అంటారు కొందరు. గోదావరి గోరువెచ్చన బాబూ! 15 డిగ్రీల లోపు నీళ్ళలో హఠాత్తుగా పడితే ముందు జరిగేది ఈత కాదు, ఎగశ్వాస. ఆ మొదటి నిమిషంలో నోట్లోకి నీళ్ళు పోతే నీ ఈతతో పనేలేదు. అందుకే ఇక్కడి లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ చెప్పేది, ముందు వెల్లకిలా తేలు, ఊపిరి కుదుటపడ్డాక మిగతా సంగతి అని. "తెల్లవాళ్ళు దిగుతున్నారుగా" అనేది ఇంకో వాదన. ఇంగ్లండు ప్రైమరీ స్కూలు సిలబస్‌లోనే 25 మీటర్లు ఈదడం ఉంది. మన ఐఐటీ ఫౌండేషన్ సిలబస్‌లో ఈత ఏ చాప్టరో చెప్పండి. 2014 జూన్‌లో బియాస్ నదిలో 24 మంది హైదరాబాదు ఇంజినీరింగ్ పిల్లలు కొట్టుకుపోయారు, పైనున్న డ్యాము నుంచి నీళ్ళు వదిలితే. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండులో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు పోయారు. ఆ వారమంతా వాట్సాప్‌లో "రిప్"లు పెట్టాం. తర్వాతి వీకెండు మళ్ళీ ఇలాంటి ఫొటోలే.

ఇక భజన పార్టీ. వీళ్ళకి ఎక్కువ చోటివ్వను. మీరు ముగ్ధులయ్యే ఆ హార్డ్రా ఫోర్స్ పైఅంచు 19వ శతాబ్దం చివర్లో వరదకి కొట్టుకుపోతే మళ్ళీ బాగుచేసి నిలబెట్టుకున్నారు. దాన్ని మెచ్చుకోండి, నేనూ మెచ్చుకుంటా. కానీ "ఎంత స్వచ్ఛమైన నీళ్ళో" అని పిల్లలకి దోసిలితో పట్టి చూపించకండి. 2024లో ఇంగ్లండు నీటి కంపెనీలు నదుల్లోకీ సముద్రంలోకీ మురుగు వదిలిన సమయం కలిపితే 36 లక్షల గంటలు. వాళ్ళ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లెక్కే ఇది. పైన చెప్పిన వార్ఫ్ నదే ఇల్క్‌లీ ఊరి దగ్గర 2020లో ఇంగ్లండులో మొట్టమొదటి అధికారిక నదీ స్నానఘట్టం అయింది. మరుసటేడు పరీక్షిస్తే వచ్చిన రేటింగు "పూర్". దీన్ని పట్టుకుని మన మూసీ గొప్పదని వాదించే ఉద్దేశం నాకు లేదు. ఆ ఇల్క్‌లీ జనం నీళ్ళు పరీక్ష చేయించమని పోరాడి మరీ ఆ గుర్తింపు తెచ్చుకున్నారు. మనం నేర్చుకోవాల్సిందేమన్నా ఉంటే అక్కడుంది, చెత్తబుట్ట రంగులో కాదు.

అన్నట్టు, వియర్ని చూసి "ఇదేం చూస్తాం" అనే గోదావరి జిల్లాల మిత్రులకి ఒక మాట. మీ తాతలు మూడు పూటలా తిన్నది ఒక వియర్ వల్లే. 1847లో మొదలెట్టి 1852కల్లా పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట అదే సరుకు. ఇసకలో పునాది నిలబెట్టే విద్య ఇక్కడి పాత కట్టడాల నుంచే నేర్చుకున్నామని కాటన్ దొర స్వయంగా ఒప్పుకున్నాడు. ఆయన 1899లో సర్రీలోని డార్కింగ్‌లో పోయాడు, సమాధి అక్కడే ఉంది. లండన్ వాటర్లూ నుంచి గంట లోపు రైలు ప్రయాణం, స్టేషన్ నుంచి నడిచే దూరం. టిక్కెట్టు లేదు, మైనపు బొమ్మల దగ్గరున్నట్టు క్యూ కూడా లేదు.