క్రాంకు పోయిందని బండిని పాత ఇనుముకి వేయకండి



గుడివాడ నుంచి నాగాయలంక దాకా మనలో చాలామందికి యూరియా కట్టలు చేలోకి మోసేది ఇప్పటికీ పాత 97.2 సీసీ స్ప్లెండరే. ఇంజిన్లో టకటకమని మోత వస్తే ముందు ట్యాపెట్లు సెట్ చేయించండి. అప్పటికీ తగ్గక, కిందనుంచి గట్టిగా కొడుతుంటే క్రాంకు పిన్ను దగ్గర బేరింగు అరిగిందేమో చూపించాలి.

నేను చెప్పేది ఒక్కటే, సగం పని చేయించొద్దు. ఇంజిన్ దించి, కేసు రెండుగా విప్పితే గాని క్రాంకు బయటికి రాదు. అంతా విప్పాక కూలి మిగులుద్దని కన్‌రాడ్ ఒక్కటి సుత్తితో కొట్టి మార్పిస్తే క్రాంకు వంకర తిరుగుద్ది. బండి వణికి, కొత్త బేరింగులు కూడా పోతాయి. ప్రెస్ మీద ఎక్కించి డయల్ గేజితో వంకర చూసే లేత్ షాపుకే ఇవ్వండి. అలాంటిది దగ్గర్లో లేకపోతే క్రాంకు సెట్టు మొత్తం కొత్తది వేయించండి. మెయిన్ బేరింగులు, ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే మార్పించేయండి.

ఇంకోటి. ఆ ఇంజిన్‌కి పట్టే ఆయిల్ లీటరుకి అటూ ఇటూ. అది తగ్గినా, మడ్డి అయినా దెబ్బ పిన్నుకే. కొత్త క్రాంకు వేసేటప్పుడు ఆయిల్ జల్లెడ, క్లచ్ కవరు లోపల ఫిల్టరు కడిగించకపోతే పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే.

ఉప్పు గాలికి చాసిస్ తుప్పు తినేసిన బండికి మాత్రం ఈ ఖర్చు వద్దు. 15 ఏళ్లు దాటిందైతే ఆర్సీ రెన్యువల్ కూడా లెక్కలో వేసుకోండి. చాసిస్ గట్టిగా ఉంటే మాత్రం, కొత్త బండికి కిస్తీలు కట్టే బదులు పాతదాన్నే బతికించుకోవడం మేలు. ఏమంటారు?