వలదన్న పదోన్నతి

ప్రతి సంవత్సరమును వేసవి సమీపించునప్పటికి ప్రభుత్వరంగ బ్యాంకులలో పదోన్నతుల జాబితాలు వెలువడును. ఆ జాబితాలో తన పేరు చూచుకొని సంతసించుటకు మారుగా, దాని వెంట రానున్న బదిలీ యుత్తర్వును తలచుకొని దిగులుపడి, ఇంటిల్లిపాదితో రెండు మూడు రాత్రులు ఆలోచన చేసి, తుదకు ‘నాకీ ప్రమోషను వలదు’ అని కాగితము వ్రాసి మేనేజరు చేతికిచ్చు గుమాస్తాలు తెలుగునాట ఏ పట్టణమున వెదకినను కనబడుదురు. బ్యాంకువారు దీనిని ‘ఫోర్‌గో’ చేయుట యందురు. అట్లు చేసినవానిని చూచి సహోద్యోగులు జాలిపడుదురు, బంధువులు విస్తుపోవుదురు, పైకి రావలెనను పట్టుదల లేని మనిషి యని పెండ్లిపందిళ్లలో చెప్పుకొందురు. ఆ మాట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

బదిలీ నియమము అకారణముగా పుట్టినది కాదు. 1969 జూలై 19వ తేదీన 14 పెద్ద బ్యాంకులను జాతీయము చేసినప్పుడు దేశము మొత్తమున బ్యాంకుశాఖలు 8,262 మాత్రమే. 1990 నాటికి అవి అరువది వేలకు సమీపించినవి. అప్పు కావలసినచో వడ్డీవ్యాపారి గడప తప్ప వేరొక గడప ఎరుగని గ్రామములకు బ్యాంకు వెళ్లవలెనన్న, ఆఫీసరు వెళ్లక తప్పదు. అదియును గాక, ఋణము మంజూరు చేయు అధికారము గల మనిషి ఒకేచోట పాతుకొనిపోయినచో పరిచయములు మొగమాటములై, మొగమాటములు మొండిబాకీలగును. కావున ఆ నియమమునకు నేను విరోధిని కాను. అయితే గుమాస్తాను రాష్ట్రమువారీగా, స్థానికభాష వచ్చునో రాదో విచారించి మరీ తీసికొందురు. అతడు పదునైదు, ఇరువది యేండ్లు ఒక్క జిల్లాలోనే, పేరుపెట్టి పిలుచు ఖాతాదారుల నడుమ పనిచేసి, నలువది యేండ్ల ప్రాయమున ఒక్క మెట్టు పైకెక్కగానే దేశములో ఏ మూలకైనను పోవుటకు సిద్ధము కావలసినవాడగును. మెట్టు ఒక్కటే గాని, దాటవలసిన దూరము వేయి మైళ్లు కావచ్చును.

ఆ నలువది యేండ్ల ప్రాయము ఎట్టిదో మనము ఆలోచింపవలెను. తెలుగు మధ్యతరగతి యింట పిల్లవాడు తల్లిదండ్రుల కన్నుల యెదుట నుండు కాలము పదవ తరగతితో సరి. ఇంటర్మీడియటు చదువునకని విజయవాడలోనో హైదరాబాదులోనో రెసిడెన్షియలు కళాశాలలో చేర్చుదుము. అక్కడ నెలకొక ఆదివారము, అదియును కాపలావాని యనుమతితో, గేటు వెలుపల పులిహోర డబ్బాతో నిలుచుండి చూచి వత్తుము. ఆ పిమ్మట ఇంజినీరింగు, ఆపై బెంగుళూరో అమెరికాయో. తిరిగి వచ్చినను అతిథిగానే వచ్చును. అనగా బిడ్డను పెంచుటకు మనకు లభించునవి పదునైదు సంవత్సరములు. అందు చివరి నాలుగైదు, అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పక గదితలుపు వేసికొను ఆ వయసే, తండ్రి పెరటిలోనో వరండాలోనో ఊరక యుండుట చేతనే ధైర్యము కలుగు కాలము. ప్రమోషను సరిగా ఆ సంవత్సరములనే అడుగుచున్నది. అదే కాలమున ఇంటిలోని పెద్దవారు డెబ్బదులు దాటి, మందుల పెట్టెతో జీవనము సాగించుచుందురు. పదవి మరి నాలుగేండ్లకు మరల రావచ్చును. ఈ రెండు మాత్రము వేచియుండవు.

నేను బాగుగా ఎరిగిన గుమాస్తా యొకడు కృష్ణాతీరపు పట్టణమున నివసించుచున్నాడు. సాయంకాలము క్యాషు సరిచూచి, ఖజానా మూసి, ఆరున్నరకు ఇల్లు చేరును. తండ్రికి ఎనుబది దాటినవి, చక్కెరవ్యాధి. అలమారతలుపునకు అతికించిన డాక్టరుగారి చీటీ చూచి, వ్రేలిచివర సూదిగ్రుచ్చి, గ్లూకోమీటరులో అంకె చదివి, దానికి తగినన్ని యూనిట్ల ఇన్సులిను ఎక్కించి, ఆ పిమ్మటనే విస్తరి వేయించును. ముసలాయన మరియొకరి చేతిసూదిని సహింపడు. భోజనమైన వెనుక తొమ్మిదవ తరగతి చదువు కూతురు లెక్కల పుస్తకము తెచ్చుకొని ప్రక్కన కూర్చుండును. సమీకరణములో ఒక పదమును ఈవలినుండి ఆవలికి మార్చునప్పుడు గుర్తు మార్చుట మరచుట ఆ పిల్లకు అలవాటు. అతడు నోరు మెదపడు. ఆ పంక్తిమీద చిటికెనవ్రేలు ఆనించి యూరకుండును. ఆమె చూచి, నాలుక కరచుకొని, దిద్దుకొనును. తప్పు ఎక్కడ జరుగునో ఎరుగుటకు ప్రతి సాయంకాలము ప్రక్కన కూర్చుండవలెను. ఆదివారపు వీడియో కాలులో ‘బాగా చదువుకొంటున్నావా అమ్మా?’ అని అడుగవచ్చును గాని, ఆ పంక్తి కానరాదు. ఆయన పదోన్నతిని రెండు పర్యాయములు వలదన్నాడు. ఆయన సమర్థతను శంకింప నెవరికిని సాధ్యము కాదు. వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడై, ఇంటర్వ్యూలో నెగ్గినవానికే గదా వలదను నవకాశము!

అయినను ఈ త్యాగమునకు వెల లేదని చెప్పుట సత్యదూరము. మొదటి మెట్టున జీతములో కలుగు వృద్ధి స్వల్పమే యైనను, ఆపైనున్న మెట్లన్నియు దానితోడనే వెనుకబడిపోవును. 1995 నాటి పింఛను నిబంధనల క్రిందికి వచ్చువారికి కడపటి పది నెలల వేతనపు సగటునుబట్టి పింఛను ఏర్పడును గనుక, నేడు విడిచినది వార్ధక్యమంతటను తక్కువగనే వచ్చును. 2010 ఏప్రిలు 1వ తేదీ తరువాత చేరినవారికి పింఛను నిధిలో తమ చందాయు బ్యాంకు చందాయు వేతనమును బట్టియే పడును గనుక వారికిని నష్టము తప్పదు. ఈ లెక్క వేసికొనకుండ, మనసు మెత్తబడిన ఘడియలో కాగితము వ్రాసి యిచ్చుట వివేకము కాదు. కాని లెక్క వేసికొని కూడ ఇల్లే కావలెనన్నవాని ముందు మనము తలవంచవలెను.

ఇంకొక మాట చెప్పక పోజాలను. పురుషుడు పదోన్నతి మానుకొన్నచో ఊరంతయు వింతగా చెప్పుకొనును. స్త్రీ మానుకొన్నచో ఎవరికిని వినబడనే వినబడదు. ఉపాధ్యాయుల కౌన్సెలింగులో ప్రధానోపాధ్యాయ పదవికి ‘నాట్ విల్లింగ్’ అని సంతకము చేసి బయటికి వచ్చు టీచరమ్మను ‘ఎందులకమ్మా?’ అని అడుగువారు లేరు. భర్త, అత్తమామలు, పిల్లలు అన్న సమాధానము అడుగకముందే అందరును తెలిసికొనియుందురు. కుటుంబముకొరకు వదలుకొనుట గొప్పదైనచో అది ఇద్దరికిని గొప్పదే కావలెను. ఏకపక్షముగా ఒక్కరిచేతనే ప్రతిసారియు వదలింపబడినచో దానికి త్యాగమను పేరు తగదు. పై గుమాస్తా భార్య ఉపాధ్యాయిని. ఆమె ప్రధానోపాధ్యాయినిగా వేరొక మండలమునకు వెళ్లగలిగినది ఆయన ఇంటివద్ద నిలిచినందుననే.

పదోన్నతి స్వీకరించి దూరదేశము వెళ్లినవారిని నేను తక్కువచేయను. తరతరములుగా కచేరి గుమ్మము వెలుపలనే నిలువబడిన కుటుంబమునుండి మొదటిసారిగా ఒకడు ఆఫీసరు కుర్చీలో కూర్చుండుట ఆ యింటికే గాక ఆ వాడకంతకును గౌరవము. చెల్లెండ్ర పెండ్లిండ్ల అప్పులు తీర్చవలసినవానికి ఎంచుకొను స్వేచ్ఛ యనునదే లేదు. వారికి మన ఉపదేశము అనవసరము.

కావలసినది ఉపదేశము గాదు, వెసులుబాటు. కేంద్రప్రభుత్వోద్యోగి పదోన్నతిని నిరాకరించినచో ఒక సంవత్సరము మరల అవకాశమీయరు. పదేండ్లకొకసారి రావలసిన ఆర్థికోన్నతియును ఆ నిరాకరణముచేత నిలిచిపోవచ్చును. ఇల్లు విడువలేనివానిని పని విడిచినవానివలె శిక్షించుట న్యాయము కాదు. దంపతుల నొకేచోట నియమింపవలెనని 2009లో కేంద్రము గట్టిగా చెప్పినది. మహిళోద్యోగులను భర్తకో తల్లిదండ్రులకో చేరువలో నుంచవలసినదని 2014లో ప్రభుత్వబ్యాంకులకు సూచించినది. ఆ దయను మరి రెండడుగులు ముందుకు నడపవలెను. పదవ తరగతి ముగియని బిడ్డ గాని, డెబ్బది దాటి రోగముతో నున్న తల్లి గాని తండ్రి గాని యింట నున్నచో, స్త్రీపురుష భేదము లేకుండ, పదోన్నతి తరువాతి మొదటి నియామకమును స్వరాష్ట్రములోనే యిచ్చునట్లు బ్యాంకు యాజమాన్యములు నియమము చేయవలెను. జిల్లా మార్చుడు, శాఖ మార్చుడు, మూడేండ్లకొకసారి కుర్చీ మార్చుడు, అవినీతి భయము దానితో తీరును. ఉద్యోగసంఘములవారు జీతముల ఒప్పందమునకు కూర్చున్నప్పుడు ఈ యొక్క కోరికను కడపటి పుటలోనికి త్రోయక మొదటి పుటలో వ్రాయవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాను.