నిప్పుకు కరగని అక్షరం

అన్నదమ్ములిద్దరూ ఒకే పోలికతో ఉంటే 'అచ్చుగుద్దినట్టు ఉన్నారు' అంటాం. ఒకే మూసలో వెయ్యిసార్లు పోసినా వెయ్యీ ఒకేలా రావాలి... అదీ ఆ మాట వెనకున్న లెక్క. వినడానికి తేలికే. కానీ ఒక్క 'క'ను అలా తయారుచెయ్యడానికి ఒకప్పుడు ఎంత ఉక్కు అరగాలో, ఎంత ఓపిక కావాలో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆ పనితనం విలువేంటో ఓ అగ్నిప్రమాదం తేల్చిచెప్పింది.

1812 మార్చి 11. సాయంత్రం వేళ. కలకత్తాకు దగ్గర్లో హుగ్లీ ఒడ్డునున్న సిరాంపూర్. అక్కడి మిషన్ ప్రెస్‌లో కాగితాలు పేర్చిన చోటునుంచి పొగ లేచింది. ప్రెస్ వ్యవహారాలు చూసే విలియమ్ వార్డ్ వెంటనే తలుపులూ కిటికీలూ మూయించాడు. గాలి తగలకపోతే మంట రాజుకోదని ఆయన ఆలోచన. పైకప్పుకు కన్నం పెట్టించి నీళ్లు పోయించాడు. గంటల తరబడి అదే పని. ఇక గండం గడిచినట్టే అనుకుంటుండగా ఎవరో కిటికీ తెరిచారు. గాలి దూరింది. అంతే! భవనం భగ్గుమంది.

ప్రెస్‌కు పెద్దదిక్కయిన విలియమ్ కేరీ ఆ రోజు కలకత్తాలో ఉన్నాడు. ఆయన ఫోర్ట్ విలియమ్ కాలేజీలో భాషలు బోధించేవాడు. తిరిగొచ్చేసరికి ఏళ్ల తరబడి రాసిన రాతప్రతులు బూడిదైపోయి ఉన్నాయి. అందులో తెలుగు వ్యాకరణం కూడా ఒకటి. అరల్లో వరసగా సర్దిపెట్టిన రకరకాల భాషల సీసపు అక్షరాలు కరిగి ముద్దలైపోయాయి.

కానీ, శిథిలాలు తవ్వుతుంటే ఓ మంచి వార్త బయటపడింది. అక్షరాలు పోయాయిగానీ వాటిని పుట్టించే ఉక్కు పంచ్‌లూ, రాగి మాట్రిక్స్‌లూ చెక్కుచెదరలేదు!

ఒక అక్షరం... మూడు జన్మలు

అదెలా సాధ్యమో అర్థంకావాలంటే అచ్చు అక్షరం ఎలా పుడుతుందో తెలియాలి.

మొదటి జన్మ ఉక్కులో. వేలెడంత ఉక్కు కడ్డీ మొనమీద అక్షరాన్ని తిరగేసి, అంటే అద్దంలో కనిపించేలా చెక్కుతారు. అదే పంచ్. అక్షరం లోపలి ఖాళీ కోసం ముందు మరో చిన్న పనిముట్టు చేసుకుని దానితో గుంట కొడతారు. తర్వాత బయటి అంచుల్ని ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తారు. సరిగ్గా వచ్చిందా లేదా చూడ్డానికి ఓ చిట్కా ఉంది. పంచ్ మొనను దీపం మంటకు చూపిస్తే సన్నగా మసి పడుతుంది. దాన్ని కాగితంమీద అద్దితే అక్షరం రూపం తెలిసిపోతుంది. గీత లావనిపిస్తే మళ్లీ ఆకురాయి. మళ్లీ మసి. మళ్లీ కాగితం. ఒక్క ఆకురాయి పోటు ఎక్కువ పడిందా... పోయిన ఉక్కు తిరిగిరాదు. మొదటికొచ్చినట్టే. నచ్చేలా కుదిరాక ఎర్రగా కాల్చి, ముంచి గట్టిపరుస్తారు.

రెండో జన్మ రాగిలో. మెత్తని రాగి దిమ్మమీద పంచ్‌ను ఉంచి సుత్తితో బలంగా కొడితే అక్షరం సరైన దిశలో గుంటలా దిగుతుంది. అది మాట్రిక్స్. దెబ్బ పడినచోట రాగి పక్కలకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును అరగదీసి, గుంట లోతు అన్ని అక్షరాలకూ సమానంగా ఉండేలా, అక్షరం ఏ పక్కకూ ఒరగకుండా సరిచేస్తారు.

మూడో జన్మ సీసంలో. మాట్రిక్స్‌ను చేతి అచ్చు అడుగున బిగిస్తారు. అచ్చుకు రెండు భాగాలుంటాయి. వాటిని జరిపితే అక్షరం వెడల్పు మారుతుంది. ఎత్తుమాత్రం మారదు. కరిగిన లోహాన్ని చిన్న గరిటెతో పోసి, అచ్చును ఒక్కసారి పైకి విసురుగా కుదుపుతారు. ఆ ఊపుకే లోహం అక్షరం మూలమూలకీ చేరుతుంది. క్షణాల్లో గట్టిపడిపోతుంది.

పోసేది ఉత్త సీసం కాదు. అది మరీ మెత్తన. అందుకే తగరం, ఆంటిమొని కలుపుతారు. ఆంటిమొని వల్ల గట్టిదనం వస్తుంది, చల్లారేటప్పుడు కుంచించుకుపోవడమూ తగ్గుతుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర కరుగుతుంది. ఈ మిశ్రమానికి అంతకన్నా తక్కువ వేడి చాలు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు ఉండాలి. ఉక్కుకు ఇంకా ఎక్కువ. సిరాంపూర్ మంటలు సీసాన్ని మింగి, ఉక్కునూ రాగినీ వదిలెయ్యడం వెనకున్న రహస్యం ఇదే.

వెంట్రుకవాసి తేడా వచ్చినా...

ఇంగ్లండ్, అమెరికాల్లో పాదం నుంచి ముఖం దాకా అచ్చు అక్షరం ఎత్తు 0.918 అంగుళం. పేజీలో వేల అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి. ఒక్కటి కాస్త ఎత్తుగా ఉంటే కాగితాన్ని పొడుస్తుంది. కాస్త పొట్టిగా ఉంటే సిరా అంటదు. అందుకే ఈ పనిలో కొలతలన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లోనే. పదిహేనో శతాబ్దంలో జర్మనీలోని మైంజ్‌లో అచ్చుకు ఊపిరి పోసిన గుటెన్‌బర్గ్‌ బంగారుపని తెలిసినవాడు కావడం ఊరికే కలిసొచ్చిన అదృష్టం కాదు.

మనదేశంలో ఆ నేర్పు ఓ కమ్మరి ఇంట నిలిచింది. బెంగాల్‌కు చెందిన పంచానన్ కర్మకార్... ఇంటిపేరులోనే కమ్మరి ఉన్నాడు. 1778లో హుగ్లీలో అచ్చయిన హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణం కోసం చార్లెస్ విల్కిన్స్ దగ్గర అక్షరాలు చెక్కడం నేర్చుకున్నాడు. తర్వాత సిరాంపూర్ చేరి నాగరి అక్షరాలకు రూపమిచ్చాడు. అల్లుడు మనోహర్‌కు పని నేర్పాడు. మామ పోయాక అల్లుడు దశాబ్దాలపాటు ఆ పనిని నడిపించాడు. అగ్నిప్రమాదం నాటికి ప్రెస్‌కు అసలైన ఆస్తి అలాంటి చేతులే.

అందుకే సిరాంపూర్ త్వరగానే తేరుకుంది. బూడిదలోంచి ఏరిన లోహం దాదాపు మూడున్నర టన్నులు. పనివాళ్లు వంతులు వేసుకుని రాత్రింబవళ్లు దాన్ని కరిగించి మళ్లీ అక్షరాలు పోశారు. కేరీ తెలుగు వ్యాకరణాన్ని తిరిగి రాశాడు. 1814లో అది అదే ప్రెస్‌లో అచ్చయింది.

తెలుగుతో తంటా

తెలుగు అచ్చు అంతకుముందే మొదలైంది. బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు 1746-47 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. అయితే మన లిపి పంచ్ చెక్కేవాడికి పెద్ద పరీక్షే పెట్టింది. ఇంగ్లిషుకు 26 అక్షరాలు, వాటికే పెద్దవీ చిన్నవీ, కొన్ని గుర్తులు. తెలుగులోనో... తలకట్లు, గుడులు, కొమ్ములు, ఏత్వాలు, వీటికితోడు కిందికి దిగే వత్తులు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలోనే గుడిదీర్ఘం, తావత్తు, రావత్తు! అలా వందల రకాల ముక్కలు చెయ్యాలి. ప్రతిదీ పక్కదానితో అతకాలి. 'ద'కూ 'ధ'కూ మధ్య తేడా ఓ చిన్న గీత. చిన్న సైజులో ఆ గీత సిరాకు పూడుకుపోకూడదు, అచ్చు ఒత్తిడికి విరిగిపోకూడదు.

మెల్లగా యంత్రాలొచ్చాయి. 1838లో అమెరికాలో డేవిడ్ బ్రూస్ అక్షరాలు పోసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1885లో లిన్ బాయిడ్ బెంటన్ పంచ్ చెక్కే యంత్రానికి పేటెంట్ సంపాదించాడు. ఆకురాయి పట్టిన చెయ్యి పక్కకు తప్పుకుంది. ఇరవయ్యో శతాబ్దం చివరికొచ్చేసరికి ఫొటో కంపోజింగ్, కంప్యూటర్లు సీసాన్నే ప్రెస్ గడప దాటించేశాయి. అరల్లోని అక్షరాలు కిలోల లెక్కన అమ్ముడుపోయాయి.

సీసం పోయినా దాని మాట మిగిలింది. కంప్యూటర్‌లో మనం ఎంచుకునే 'ఫాంట్'కు మూలం ఫ్రెంచ్ భాషలో లోహాన్ని కరిగించి పోయడమనే అర్థమున్న పదం. వరసల మధ్య ఎడాన్ని 'లీడింగ్' అంటారు. ఒకప్పుడు అక్కడ పెట్టిన సీసపు పట్టీల గుర్తది. మౌస్‌తో ఒక్క నొక్కు నొక్కగానే అక్షరం సైజు మారిపోతుంది. అలా నొక్కిన ప్రతిసారీ, ఎక్కడో ఓ కమ్మరి దీపం ముందు కూర్చుని మసి ముద్రను కళ్లు చికిలించి చూసుకున్న సంగతి ఒక్క క్షణం గుర్తుచేసుకుంటే... ఆ ఓపికకు మన వంతు దండం పెట్టినట్టే!